మాత్ర పనిచేసేలోపు

మాత్ర మింగించి ఎంతసేపయిందో చూద్దామని టీచరు ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది. వాచీ ఉండాల్సిన చోట చర్మం పట్టీలా తెల్లగా కనిపించింది. ఛీ, ఇదొక పాడు అలవాటు, లేని వాచీని రోజుకెన్నిసార్లు చూసుకుంటుంది మనిషి. ఎదురుగా గోడమీద గడియారం ఉంది కదా అనుకుంటే దానికీ రోగమే, సెకన్ల ముల్లు ఒక్కచోటే ఎగిరెగిరి పడుతోంది, ముందుకు పోదు, వెనక్కీ రాదు. ఇంత పెద్ద ఆసుపత్రిలో గడియారం సంగతి పట్టించుకునే దిక్కు లేదు గానీ మనుషుల నరాలు మాత్రం బాగుచేసేస్తారట. పక్క కుర్చీలో భర్త కూడా ఆ గడియారం వైపే చూస్తున్నాడు. చూస్తున్నాడో, చూపు అక్కడికెళ్ళి ఆగిపోయిందో ఎవరికి తెలుసు. బతుకంతా వాచీలు బాగుచేసిన మనిషి, వీధిలో అందరికీ గడియారాలాయన, ఇవాళ రెప్ప వెయ్యడం కూడా మరచిపోయినట్టు బిగుసుకుపోయి కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒక్కటే తొడమీద వణుకుతోంది, బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కనిపించని వాచీకి కీ ఇస్తున్నట్టు. వరండాలో కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించారు మహానుభావులు. ఆయన వణుకు కడ్డీలోంచి ఆమె కుర్చీలోకి, ఆమె నడుములోకి, అక్కణ్ణుంచి ఆ చివర కునుకు తీస్తున్న బట్టతలాయన దాకా పోతోంది. బట్టతలాయన కళ్ళు తెరిచి, ఎవర్రా ఊపేది అన్నట్టు ఇటు చూశాడు. ఎవరూ ఊపడం లేదు నాయనా, పడుకో, అనుకుంది టీచరు.

రాత్రి మాత్ర వెయ్యొద్దు, పొద్దున్నా వెయ్యొద్దు, ఖాళీ కడుపుతో తీసుకురండి, ఇక్కడే వేసి చూద్దాం అన్నాడు నరాల డాక్టరు, కారు సర్వీసింగుకు పట్రమ్మన్నంత తేలిగ్గా. మాత్ర పడని మనిషిని బయల్దేరదియ్యడమంటే ఏమిటో ఆయనకేం తెలుసు. మంచం మీంచి లేపడం ఒక యుద్ధం, చొక్కాలో చెయ్యి దూర్చడం ఇంకో యుద్ధం, అన్నీ అయి గుమ్మం దాకా వస్తే అక్కడ కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. బయట కారువాడు హారన్ మీద హారన్. గుమ్మంలో ఆగిపోయినప్పుడు కాళ్ళ ముందు ఏదైనా అడ్డం పెడితే దాన్ని దాటబోయి కదులుతాడు, అది ఆమె కనిపెట్టిన చిట్కాయే, ఇదివరకు గొడుగు పెట్టేది. ఆ గొడుగునీ విప్పేశాడు కదా మహారాజు, పుల్లలు ఒకచోట, గుడ్డ ఒకచోట, పిడి ఇంకోచోట. ఇవాళ వేరే దారిలేక తన కాలే అడ్డంగా చాపింది. పెళ్ళాం కాలు దాటి బయటికొచ్చాడు పెద్దమనిషి. కారెక్కాక తల్చుకుంటే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది, ఏది ముందొచ్చిందో తెలీదు. ఇక్కడికొచ్చాక నర్సు రెండు మాత్రలూ, పసుపుదీ తెల్లదీ, మింగించి, "పనిచెయ్యడం మొదలుకాగానే పిలవండమ్మా, డాక్టరుగారు చూస్తారు" అని చక్కాపోయింది. మొదలైందని ఎలా తెలుస్తుంది తల్లీ అని అడిగితే, "మీకే తెలుస్తుందిలే" అంది. అన్నీ నాకే తెలియాలి. అందరికీ చదువులున్నాయి, తెలియాల్సింది మాత్రం నాకు.

మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు ప్లాస్టిక్ మెదడొకటి ముందుపెట్టుకుని, ముక్కలు ఊడదీసి చూపిస్తూ చెప్పాడు. మెదడు అడుగున ఓ మూల డోపమైన్ అనే పదార్థం తయారవుతుందట, ఒంటిని కదిలించే కబురు మోసుకెళ్ళేది అదేనట, ఈయనకి ఆ మూల ఎండిపోతోందట. పసుపు మాత్ర లోపలికెళ్ళి ఆ పదార్థంగానే మారుతుంది. తెల్ల మాత్ర మారదు, నేనే ఆ పదార్థాన్ని అని వేషం కట్టుకెళ్ళి నరాల తలుపు తడుతుంది, అవి నమ్మి తలుపు తీస్తాయి. చిన్న మోసమేనండీ అని నవ్వాడు కూడా. ఆమె కూడా నవ్వింది, ఇన్నేళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి కనుక చెప్పిన తీరు బావుందనుకుంది. అసలు సంగతి తర్వాతసారి చెప్పాడు, అదీ చెవి దగ్గర ఫోను పెట్టుకుని. ఆ పదార్థం ఒంటిని కదిలించి ఊరుకోదట, మనసుకి ఆశ పుట్టించేదీ అదేనట, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనిపించేదీ అదేనట. కొందరికి పేకాట పిచ్చి పడుతుంది, కొందరు కనిపించిందల్లా కొంటారు, అలాంటివేమైనా ఉన్నాయా అన్నాడు. ఆమె ఆలోచించింది. పేకముక్క ముట్టని మనిషి, చెప్పులు అరిగి కాలికి నేల తగిలితే గాని కొత్తవి కొననివ్వని మనిషి. అబ్బే, లేవండీ అంది. అబద్ధమేమీ కాదు. అప్పటికి ఆయన చేస్తున్నదల్లా పాత రేడియో ఒకటి విప్పుకోవడం. గడియారాలు బాగుచేసేవాడు వస్తువు విప్పితే అది కొత్త అలవాటని ఎవరనుకుంటారు, పని మళ్ళీ చేతికొచ్చిందనుకుంటారు గానీ. రేడియో విప్పిన రాత్రి సంతోషంతో ఆమెకి నిద్ర కూడా పట్టలేదు. అయినా ఇదేం కట్టుబడి, వంటింటికీ పెరటికీ ఒకే కుళాయా, వంటింట్లో నాలుగు చుక్కలు రావాలంటే పెరడంతా మునగాలా, ఎవరు కట్టారు ఈ మెదడనేదాన్ని.

రేడియో తర్వాత అలారం గడియారం. తర్వాత ఇస్త్రీ పెట్టె, టార్చిలైటు, మిక్సీ, ఆమె చదువుకునే కళ్ళజోడు. బాత్రూం గడియ విప్పేశాక లోపలికెళ్ళినవాళ్ళు వచ్చేదాకా దగ్గుతూ కూర్చోవాల్సి వస్తోంది. చూడ్డానికొచ్చిన పక్కింటావిడ ఆ సంగతి తెలియక వెళ్ళి, దగ్గక, ఆ తర్వాత మళ్ళీ గుమ్మం తొక్కలేదు. పోనీ విప్పాక బిగిస్తాడా అంటే, బిగించడు. బిగించాలన్న ఊహే లేదు. మరలన్నీ ఒక డబ్బాలో, స్ప్రింగులన్నీ ఒక డబ్బాలో, చక్రాలు పెద్దవన్నీ ఓచోట చిన్నవన్నీ ఓచోట, వరసలు పెట్టి, మళ్ళీ ఒలకబోసి, మళ్ళీ వరసలు పెట్టి, అన్నానికి పిలిస్తే ఇదిగో అయిపోయింది, ఇదిగో వచ్చేశా, ఆ ఇదిగో ఎప్పటికీ అవదు. డబ్బా లాక్కుంటే చిన్నపిల్లాడిలా వెంటపడతాడు, కోపంతో కాదు, బతిమాలుతూ, అదే ఆమె భరించలేదు. కూతురికి ఫోన్లో చెప్పుకుంటే, "నాన్న సంతోషంగా ఉన్నారు కదమ్మా, నీకేంటి బాధ? పాత సామాన్లు నాలుగు కొనిపెట్టు, విప్పుకుంటారు" అంది. ఎంత తేలిగ్గా అనేసింది, నీ ఇంటి బాత్రూముకి గడియ ఉంది కనుక. వెనకాల అల్లుడి గొంతు కూడా వినబడింది, మామయ్యగారికి మంచి కాలక్షేపం అని. కాలక్షేపమట, కాలక్షేపం.

కొట్టు సంగతి కూతురికి చెప్పలేదు. చేతులు వణకడం మొదలయ్యాక మూతబడిన కొట్టు మళ్ళీ తెరిచాడని వీధంతా మెచ్చుకున్నారు, తెలిసినవాళ్ళు వాచీలు తెచ్చి ఇచ్చారు. ఒకరోజు ఆమె మంచినీళ్ళు పట్టుకెళ్ళింది. ఆయన కొట్టులో బల్లమీద గాజు మూతలు వరసగా ఉండేవి, బోర్లించిన గిన్నెల్లాంటివి. ఒక్కో మూత కింద ఒక్కో వాచీ, విప్పింది విప్పినట్టు, మరతో సహా. ఒక వాచీ ముక్క ఇంకో వాచీ మూత కిందకి పోయిందంటే ఆ పనివాడు పనికిరానట్టే. కూతురు చిన్నప్పుడు ఆడుకుంటూ రెండు మూతలు అటూ ఇటూ మార్చిందని ఆ పిల్లతో రెండ్రోజులు మాట్లాడలేదు, మామూలుగా కూడా మాట్లాడేవాడు కాదు కనుక ఆ పిల్లకి తెలియలేదు, అది వేరే సంగతి. ఆ రోజు ఆమె వెళ్ళేసరికి గాజు మూతలన్నీ ఓ మూల ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. బల్లమీద ఊరందరి వాచీలూ కలిసిపోయి ఉన్నాయి, సెకన్ల ముళ్ళన్నీ ఒక మూకుడులో, గంటల ముళ్ళన్నీ ఇంకో మూకుడులో. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, చెయ్యి ఇసుమంత కూడా వణక్కుండా, పట్టకారుతో ఒక్కో ముల్లూ తీసి పొడవు చూసి పెడుతున్నాడు. "చూశావా టీచరూ, ఎంత బావున్నాయో" అన్నాడు, మొహం వెలిగిపోతోంది.  ఆమె నీళ్ళచెంబు అక్కడే పెట్టి, ఆయన్ని బయటికి తీసుకొచ్చి, కొట్టుకి తాళం వేసి, తాళంచెవి తన కొంగుకి కట్టుకుంది. వాచీలిచ్చినవాళ్ళు అడుగుతుంటే రేపు, ఎల్లుండి అంటూ ముఖం చాటేస్తోంది. తాళంచెవి విప్పుకుపోతాడేమోనని రాత్రుళ్ళు కొంగు తలకింద పెట్టుకుని పడుకుంటోంది.

ఇంత జరిగాక కూడా డాక్టరుకి చెప్పాలా వద్దా అని ఆలోచనేమిటి అసలు. ఒక్క మాట, తెల్ల మాత్ర తగ్గించేస్తాడు, ఇంట్లో ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. చెప్పకపోతే ఇవాళే పెంచుతానన్నాడు, ఈమధ్య సాయంత్రాలు వణుకు ముందే వచ్చేస్తోందని. చెప్పు, చెప్పేసి చక్కా ఇంటికి పద. ఇంతే కదా. ఇంతే అయితే గొంతుకి ఏం అడ్డం పడుతోంది. టీచరూ అన్న పిలుపే అడ్డం పడుతోంది. కాపురమంతా ఊ, ఊహూ, ఈ రెంటితోనే గడిపేశాడు ఆయన. మావాడు మాటల్లో పొదుపమ్మా అని అత్తగారు మురిసిపోయేది, ఆ పొదుపంతా ఎవరికోసం దాచాడో ఏమో. ఇదిగో అనేవాడు, ఏదైనా కావాలంటే, అదీ గోడవైపు చూసి. అలాంటి మనిషి తెల్ల మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఆమె జడ వేసుకుంటుంటే వెనకనుంచి, నైలు, అమెజాన్, డాన్యూబ్ అని మొదలుపెట్టాడు. ఏ నది ఎక్కడ పుట్టిందో, ఏ సముద్రంలో కలిసిందో, ఆమె పాఠం చెప్పే వరసలోనే, ఆమె ఆగే చోట ఆగుతూ. దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడ నేర్చుకున్నారండీ అంటే, కొట్టు బడికి ఎదురే కదా, నీ గొంతు రోడ్డు దాటి వచ్చేది, నీ క్లాసప్పుడు చిన్న సుత్తి పని పెట్టుకునేవాణ్ణి కాదు, చప్పుడవుతుందని, అన్నాడు. అన్నేళ్ళూ విన్నాడు. ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు, బావుంది అని అన్న పాపాన పోలేదు. ఆమెకి ఆనందంతో పాటు ఎంత కోపం వచ్చిందంటే, దువ్వెన మంచం మీదకి విసిరేసింది. ఇప్పుడు చెప్తారా, రిటైరై జుట్టు పండాక చెప్తారా అంది. ఆయన నవ్వాడు. ఆయన పళ్ళు అంత చక్కగా ఉంటాయని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

మరి అంటున్నది ఎవరు. ఆయనా, వేషం కట్టుకొచ్చిన తెల్లబిళ్ళా. నరాల తలుపు తట్టి లోపలికొచ్చి కూర్చుని, టీచరూ అని పిలుస్తున్నది ఎవరు. ఎవరైతేనేం, ఈ వయసులో నీకెందుకీ విచారణ, పిలుస్తున్నారా లేదా. ఇది పోతే మళ్ళీ ఊ, ఊహూ. మళ్ళీ గోడతో కాపురం. పెంచమను, హాయిగా పెంచమను, మిక్సీ పోతే పోయింది, రోలుందిగా, గడియ లేకపోతే దగ్గుకుంటాం. చేతిగడియారం పోతే... ఇక్కడికొచ్చేసరికి ఆలోచన తెగిపోయింది. ఎడమచెయ్యి మళ్ళీ దానంతటదే తిరిగింది, మళ్ళీ తెల్లటి పట్టీ. పోయిన వారం స్నానానికెళ్తూ వాచీ తీసి కిటికీ దగ్గర పెట్టింది, దగ్గుతూ స్నానం చేసి వచ్చేసరికి లేదు. ఆమె వాచీ అంటే మామూలు వాచీ కాదు, బడికి బడే దాన్ని నమ్ముకుంది. గంట కొట్టే ముందు హెడ్మాస్టరు కబురు పంపేవాడు, టీచరుగారి వాచీలో ఎంతయిందో కనుక్కురమ్మని. ఒక్క నిమిషం అటూ ఇటూ పోయి ఎరగదు. ఏం కంపెనీయో గానీ బంగారం లాంటి వాచీ అని స్టాఫు రూములో ఎన్నిసార్లు గొప్పలు పోయిందో. డబ్బాలన్నీ నేలమీద ఒలకబోసుకుని వెతికింది, ఏ చక్రం దానిదో ఏ ముల్లు దానిదో ఎలా తెలుస్తుంది, కొట్టుకి తాళం పడకముందే ఆయన జేబుల్లో ఇంటికి మోసుకొచ్చిన ఊరి వాచీల ముక్కల్లో కలిసిపోయాక. ఇదేనా, ఇదేనా అని ఏడుస్తూ అడుగుతుంటే ఆయన పక్కన గొంతుక్కూర్చుని నవ్వుతూ చెప్పాడు. దానికోసం ఏడుస్తావేం టీచరూ, అది ఒట్టి చవకరకం, కొన్న ఏడాదికే చెడిపోవాల్సింది, అందులో కంపెనీది ఒక్క చక్రం లేదు, అన్నీ నేను మార్చినవే, ఏటా సెలవుల్లో నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు పట్టుకెళ్ళి, లేచేలోపు తెచ్చి పెట్టేవాణ్ణి.

అప్పుడు చెవికెక్కలేదు. అప్పుడు ఆమె కళ్ళముందు ఆ డబ్బాలు తప్ప ఇంకేమీ లేవు, కోపంలో ఏదో అనరాని మాట కూడా అంది. ఇప్పుడు, ఈ పనికిమాలిన గడియారం ఎదుట, ఖాళీ కడుపుతో, ఈ కుర్చీ తనను ఊపుతుంటే, ఆ మాట ఇప్పుడు వినబడింది. ఏటా. చప్పుడు కాకుండా. సెలవుల్లో మధ్యాహ్నం నిద్రలేస్తే వాచీ బల్లమీద పెట్టినచోటే ఉండేది, పట్టీ తుడిచి ఉండేది, తనే తుడిచానేమో అనుకునేది. ఇంత మొద్దు మనిషివేమే నువ్వు, పిల్లలకి భూగోళమంతా చూపించావు, బల్లమీది వాచీని చూడలేదు. ఆయనా తక్కువ తిన్నాడా, నోరు తెరిచి నీ వాచీ బాగుచేశానే అంటే ముత్యాలు రాలతాయా. ఆ నోరులేని మనిషి ఇన్నేళ్ళూ ఆ వాచీని నడిపాడు, ఈ నోరున్న మనిషి ఒక్క పూటలో దాన్ని ఊడదీసి పడేసి కబుర్లు చెబుతున్నాడు. పోనీ మళ్ళీ బిగించమందామంటే, మాత్ర పనిచేస్తుంటే చేతులుంటాయి, బిగించే బుద్ధి ఉండదు. మాత్ర తీసేస్తే బుద్ధి ఉంటుంది, పట్టకారు పట్టే చేతులుండవు. ఎలా చూసినా ఆ వాచీ ఇక తిరగదు. ఇదెక్కడి న్యాయం, ఎవర్ని పట్టుకుని అడగాలి, ఈ డాక్టర్నా, ఆ ప్లాస్టిక్ మెదడునా. ఆమెకి ఉక్రోషం పొంగుకొచ్చి, పక్కనున్న బిగుసుకుపోయిన మొహంవైపు తిరిగి, పైకే అనేసింది.

"చెప్పాలా, ఊరుకోవాలా? అన్నీ నా నెత్తినే పడెయ్యండి. మీరైనా ఒక్క మాట చెప్పరు కదా!"

బట్టతలాయన మళ్ళీ కళ్ళు తెరిచాడు. గోడమీద సెకన్ల ముల్లు ఎగిరెగిరి పడింది. ఆమె తల తిప్పుకుని, కొంగు చివరి తాళంచెవిని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

"చెప్పు."

నర్సేమో అనుకుని చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఆయన చూపు గడియారం మీదనుంచి కదల్లేదు. పెదాలు మాత్రం, వానకి ఉబ్బిన తలుపు తెరుచుకున్నంత కష్టంగా, కొంచెం కదిలాయి. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"చేతులు... ఆగవు. బిళ్ళ పనిచేస్తే... ఆపలేను. అప్పుడడిగితే... వద్దంటాను. నా మాట... వినకు."

"ఇప్పుడు చెప్పేదే వినమంటారా?"

"ఊ."

ఆ ఊ ఎంత పాతది, ఎన్నివేలసార్లు విన్నది, ఎన్నిసార్లు ఆ ఊ మొహాన గిన్నె విసరాలనిపించింది. ఇప్పుడు అదే ఊ విని టీచరుకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇందులో మాత్ర లేదు, ఒక్క చుక్క లేదు, ఉన్నదంతా ఆయనే. ఇంత రాయిలా బిగుసుకుపోయి కూడా ఆ మాట వెతుక్కుని, మోసుకుని, బయటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మాత్ర నాలుక కదిలించి ఉంటే ఉండొచ్చు, రోడ్డు దాటి వచ్చిన నదుల్ని అన్నేళ్ళు కూర్చుని విన్నది మాత్ర కాదు కదా. సుత్తి పక్కన పెట్టింది మాత్ర కాదు కదా. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇంత తిప్పలా. ఆమె ముక్కు ఎగబీల్చి, ఆయన వణికే చేతిమీద చెయ్యి వేసింది. చెయ్యి కింద చెయ్యి వణుకుతూనే ఉంది. అలాగే కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో ఏ గడియారమూ చెప్పలేదు.

నర్సు చెప్పినట్టే, ఆమెకే తెలిసింది. ముందు నడుములో తెలిసింది. కుర్చీ ఊగడం సన్నబడింది, ఆగి, మళ్ళీ ఒకసారి వచ్చి, పూర్తిగా ఆగిపోయింది. అంతసేపూ ఊగీ ఊగీ, ఒక్కసారి నిలకడ వచ్చేసరికి ఆమెకి తల తిరిగినట్టయింది. చివర బట్టతలాయన గురక పెట్టడం మొదలుపెట్టాడు. పక్కన ఆయన మెడ తిప్పాడు, భుజాలు సర్దుకున్నాడు, రెప్ప వేశాడు. మొహంలోకి మొహం వచ్చింది. "ఆ గడియారం చూశావా టీచరూ? ఇందాకట్నుంచీ చూస్తున్నా, సెల్లు బాగానే ఉంది, లోపల చక్రం పట్టేసింది. కుర్చీ ఒకటి ఉంటే దింపేద్దును" అంటూ లేచాడు, కుర్చీ లాగబోయాడు. అది రాలేదు. కుర్చీలన్నీ కడ్డీకి బిగించిన మహానుభావులకి టీచరు మొదటిసారి మనసులో దండం పెట్టింది. అంతటితో వదిలాడా, వంగి కడ్డీ కింద చూసి, "ఈ మర వదులైంది" అని గోటితో తిప్పబోయాడు. ఆమె "నర్సమ్మా!" అని కేకేసింది.

డాక్టరు గదిలోకి ఆయన పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగనే లేదు. నర్సు వాచీనీ డాక్టరు వాచీనీ చూసి, "నీ చేతి వాచీ మూడు నిమిషాలు వెనకబడిందమ్మాయ్" అన్నాడు, ఆ పిల్ల పొంగిపోయింది. డాక్టరు నడిపించి చూశాడు, వేళ్ళు టకటకా కొట్టించి చూశాడు, బావుందంటే బావుందని మెచ్చుకున్నాడు. కూర్చోబెట్టాక ఆయన కబుర్లు చెబుతూనే బల్లమీది ప్లాస్టిక్ మెదడుని దగ్గరికి లాక్కున్నాడు. ఎక్కడ నొక్కితే ఊడుతుందో ఒక్క చూపులో పసిగట్టాడు. ఒక సగం వచ్చింది, ఇంకో సగం వచ్చింది, లోపలి చిన్న ముక్కలు ఒక్కోటీ రెండు వేళ్ళతో సుతారంగా తీసి బల్లమీద పెడుతున్నాడు. "చూశారా అమ్మా, ఎంత నాజూకైన పని, వణుకే లేదు" అన్నాడు డాక్టరు సంబరంగా. "తెల్లది కొంచెం పెంచుదాం, సాయంత్రాలు కూడా ఇలాగే ఉంటారు. కొత్త అలవాట్లేమీ లేవు కదా? పేకాటా అవీ?"

"నాకా? ఒక్క దుర్గుణం లేదు డాక్టరుగారూ. టీచర్ని అడగండి, ఆవిడ నోట అబద్ధం రాదు" అని ఆయన ఆమెవైపు చూసి కన్నుగీటాడు. ఎంత ముద్దుగా గీటాడు దుర్మార్గుడు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అలా గీటి ఉంటే.

"ఉంది డాక్టరుగారూ" అంది టీచరు. "ఇదే."

డాక్టరు ఆమె వేలు చూపించిన చోటికి చూశాడు. బల్లమీద మెదడు ముక్కలు వరసగా ఉన్నాయి, మెదడులో ఉండే వరసలో కాదు, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో.

"ఏమిటి టీచరూ, ఊరికే చూస్తున్నానంతే కదా!"

"అయితే బిగించండి" అంది ఆమె. నలభైమంది పిల్లల క్లాసుని ఒక్క మాటతో కూర్చోబెట్టిన గొంతు అది, నర్సు కూడా గుమ్మంలో నిలబడిపోయింది. "మళ్ళీ ఎలా ఉండేదో అలా బిగించండి."

ఆయన నవ్వుతూ రెండు ముక్కలు తీసుకున్నాడు. దగ్గరికి తెచ్చాడు. అవి కలిసే చోటు ఎదురుగానే ఉంది. చేతులు అక్కడిదాకా వెళ్ళి, ఎడమచేతిలో ముక్క కొంచెం చిన్నదని చూసి, దాన్ని చిన్నవాటి వరసలో పెట్టేశాయి. ఇంకోటి తీసుకున్నాడు. అదీ వరసలోకి పోయింది. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, నవ్వు మాత్రం నెమ్మదిగా చెదిరిపోయింది. డాక్టరు కలం కింద పెట్టాడు.

"ఎందుకు చెప్పావు?" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, అదే బతిమాలే గొంతు.

"మీరే చెప్పమన్నారు."

"నేనా? ఎప్పుడు?"

"ఇందాక. బయట కూర్చున్నప్పుడు."

"అప్పుడు నాకు ఒంట్లో బాగాలేదు కదా టీచరూ!"

 డాక్టరు తలాడిస్తూ, తెల్లది ఒకేసారి మానకూడదని, మెల్లమెల్లగా తగ్గించాలని, ఈ విప్పడాలు తగ్గుతాయని చెప్పుకొచ్చాడు. చేతులు ఇంత బాగా ఉండవని, సన్నపనులు కష్టమేనని కూడా చెప్పాడు. మాటల సంగతి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. గడియారాలాయన అంతా విన్నాడు. చివరికి ఏదో గుర్తొచ్చినట్టు, ఇక తిరుగులేని పాయింటు దొరికినట్టు, ఆమెవైపు వంగాడు.

"మరి నీ వాచీ? రేపు బిగిద్దామనుకున్నానే."

"టైమెంతయిందో ఎవర్నో ఒకర్ని అడుగుతాలెండి" అని టీచరు ఆ ముక్కల మధ్యనుంచి ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వణకడం లేదు.